తాతగారి నియమం

సీసాలో ఇంకా సగం పైగా నూనె ఉంది. డాక్టరుగారు దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశారు. మూత బిగించి, బల్లమీద నాకు అందనంత దూరంలో పెట్టారు.

"ఇక దీన్ని మానేయవచ్చండీ. తాగితే నష్టం లేదు. మీ కళ్లకు లాభమూ లేదు," అన్నారు.

"రేచీకటికి చేపనూనె మంచిదని డాక్టర్లే చెబుతున్నారు కదండీ," అన్నాను.

"రేచీకటికి మంచిదే. మీది ఆ రేచీకటి కాదు."

నాకు నవ్వు వచ్చింది. దీపాలు పెట్టే వేళ దాటితే సొంత ఇంటి గుమ్మం ఎక్కడుందో తెలియని మనిషికి ఆయన చెబుతున్న మాట అది. నా నవ్వు చూసి ఆయన విసుక్కోలేదు.

"మాట ఒకటేనండీ. జబ్బులు రెండు. తిండిలో లోపంవల్ల వచ్చేది ఒకటి. అది తిండితోనే పోతుంది. రెండోది నెత్తురులో వచ్చేది. దానికీ తిండికీ సంబంధం లేదు. మీ కంటి వెనక పొరమీద మసి చల్లినట్టు మరకలున్నాయి. అంచులనుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తున్నాయి." ఆయన కలం కింద పెట్టి అడిగారు. "మీ అమ్మగారూ నాన్నగారూ పెళ్లికి ముందే చుట్టాలా?"

నేను జవాబు చెప్పేలోపల నా వెనక నిలబడిన నా భార్య మాట్లాడింది. పరాయి మగవాళ్లముందు నోరు విప్పే అలవాటు ఆమెకు లేదు.

"అయితే ఇది నా వంటవల్ల వచ్చింది కాదాండీ?" అని అడిగింది.

అది 1937 మాఘమాసం. ఏలూరులో కొత్తగా కంటివైద్యం మొదలుపెట్టిన డాక్టరుగారి గది. ఆమె ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను ఏలూరులో ఉంటూ మద్రాసు దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. కౌన్సిలు సమావేశాలు, కోర్టు తీర్పులు, కాలవలకు నీళ్లు వదలడం, కొల్లేరు పొంగితే మునిగిన చేలు, ఇవే నా సరుకు. చిన్నప్పటినుంచీ మునిమాపు వేళ నా చూపు మందమే. అయితే తనకు కనిపించేదానికీ పక్కవాడికి కనిపించేదానికీ తేడా ఎంతో ఎవరూ కొలిచి చూసుకోరు. చీకట్లో అందరికీ అంతే కాబోలనుకుని బతికాను.

1934 వర్షాకాలంలో ఒక సభ జరిగింది. లోపల పెట్రోమాక్సు దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. సభ ముగిసి వరండాలోకి వచ్చాక, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగుదామని స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అలవాటు పడలేదు. జనం మాటలు నా ముందునుంచి వీధిలోకి వెళ్లిపోయాయి. చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. మెట్లు ఎటో తెలియదు. ఎవరినైనా పిలుద్దామంటే సిగ్గు. ఇంతలో ఇంకో పత్రికకు రాసే మిత్రుడు వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "పదండి, ఇద్దరిదీ ఒకే దారి కదా," అన్నాడు. ఆయన ఇల్లు కాలవకు అవతల. మా ఇల్లు ఇవతల. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నా గుమ్మందాకా వచ్చి, వర్షాల గురించి మాట్లాడి, వెళ్లిపోయాడు. ఆనాటినుంచి ఏ సభకు వెళ్లినా నన్ను ఇల్లు చేర్చడం ఆయన పనైంది. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో మండవల్లి వైపు కొల్లేటి అంచు ఊళ్లకు వెళ్లాను. వరదకు నారు కుళ్లిపోయిందని, మళ్లీ నాట్లు ఊడ్చుకునే అదును దాటిపోయిందని రైతులు చెప్పుకుంటుంటే రాసుకున్నాను. తిరుగుప్రయాణంలో వెంకన్న అనే చేపలు పట్టే అతని తాటిదోనెలో ఎక్కాను. పడమర ఇంకా ఎర్రగానే ఉంది. వెంకన్న దూరంగా వాలుతున్న కొంగలను చూపించి లెక్కపెట్టమంటాడు. నాకు నీళ్లు లేవు, కొంగలు లేవు. ముందున్న వెంకన్న తలపాగా ఒక్కటే మసకగా కదులుతోంది.

గట్టు చేరాక అతను ముందు దిగాడు.

"ఏవండీ, చెయ్యి చాపాను కదండీ, పట్టుకోరేం?"

నేను ఆ చెయ్యి కనిపించక నీళ్లలో అడుగు వేశాను. మోకాలిదాకా దిగిపోయాను. వెంకన్న పెద్దగా నవ్వి, చప్పున ఆపేశాడు.

"రేచీకటాండీ మీకు?"

"ఏమో వెంకన్నా, కొంచెం మసకగా ఉంటుంది."

"అమ్మమ్మా, అది కొంచెమేంటండీ! మా ఇంటిది కడుపుతో ఉన్నప్పుడు అంతేనండీ. పొద్దు కుంకితే గుడ్డికోడిలా మూల కూచునేది. మేక కార్జం తెచ్చి పెట్టాం, చేప కార్జం పెట్టాం, అవిసాకు వండాం. పక్షం తిరక్కుండానే చీకట్లో సూది వెతికి తీసిందండీ. మీక్కూడా పోద్ది. ఇంతకీ మీ ఇంట్లో అమ్మగారు మీకేం పెడతన్నారండీ, గంజేనా?"

అతను వేళాకోళానికి అన్నాడు. తన భార్య గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఆ రేచీకటి అలాగే పోతుంది. అతను ఆ రోజు నాకు తడి పంచె మార్చుకోవడానికి తన ఉతికిన పంచె ఇచ్చాడు, రైలు దగ్గరదాకా వచ్చి ఎక్కించాడు. తర్వాత నెలల తరబడి, ఏలూరు వచ్చేవాళ్ల చేతికి కొర్రమేనులు ఇచ్చి పంపాడు. అతనిమీద నాకు కృతజ్ఞతే తప్ప మరోటి లేదు. కానీ గంజి మాట మా ఇంట్లో వేళాకోళంగా మిగలలేదు.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. మాణిక్యమ్మ నాకంటె నాలుగైదేళ్లు పెద్ద. గుండుగొలనులో ఇచ్చారు. అమ్మ పోయాక నాకు అమ్మ ఆమే. మా నాన్న తన అక్క కూతుర్నే చేసుకున్నాడు. మా పినతండ్రి ఇంట్లోనూ మేనరికమే. "మా ఇంట్లో పరాయి నెత్తురు లేదు," అని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. నా దగ్గరికి వచ్చేసరికి వరసైన పిల్ల లేక, మెట్టప్రాంతం చింతలపూడి వైపునుంచి అన్నపూర్ణను తెచ్చారు. ఆ పరాయితనం పూడ్చడానికే అన్నట్టు, మా అమ్మాయి సుభద్ర నామకరణం నాడే అక్క బిడ్డను ఒళ్లో వేసుకుని "ఇది నా గోపాలం పెళ్లాం," అంది. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. సుభద్ర అక్క కొడుకు గోపాలాన్ని బావ అని పిలుస్తూనే పెరిగింది.

నాకు రేచీకటి అని తెలియగానే అక్క బాతుగుడ్ల బుట్టతో దిగింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"పేరుకు అన్నపూర్ణవి! మొగుడికి రేచీకటి వచ్చిందంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో ఊరంతా చెప్పుకోదూ?"

"నేనేం తక్కువ చేశాను వదినా?" అంది అన్నపూర్ణ.

"తక్కువ చేశావో ఎక్కువ చేశావో నాకేం తెలుసమ్మా. మెట్టలో జొన్నగటక తాగి పెరిగినదానివి. కొల్లేటి చేప వండటం నీకెలా వస్తుంది? మా అమ్మ చేతి తిండి తిన్నన్నాళ్లూ వీడి కళ్లు చుక్కల్లా ఉండేవి."

"అక్కా, అప్పుడూ చీకట్లో నాకు కనిపించేది కాదేమో," అన్నాను.

"నోర్ముయ్యరా. నీకూ బుద్ధి లేదు. సభలంటూ పొద్దుపోయేదాకా తిరగడం, చల్లారిన అన్నం తినడం. తాతగారిని గుర్తుచేసుకో, డెబ్భై దాటి పోయేదాకా ఒక్క జబ్బు ఎరగడు. దీపాలు పెట్టకముందే భోజనం, ఆ తర్వాత మంచం దిగేవాడు కాదు. ఎంత పెద్ద పెళ్లయినా సరే, ఎవరు పిలిచినా సరే, ఆ నియమం తప్పలేదు. అలా ఉంటే కళ్లు చల్లగా ఉంటాయి."

మా నాన్నను కన్న తాతగారి నియమం మా ఇంటికి కాపరానికి వచ్చిన ప్రతి కోడలికీ మొట్టమొదట చెప్పే కథ. అన్నపూర్ణ దాన్ని ఎన్నిసార్లు విందో! బాతుగుడ్ల బుట్ట లోపలికి తీసుకుపోయింది.

1936 అంతా మా ఇంట్లో వంట నా కళ్లకోసమే జరిగింది. అన్నపూర్ణకు కార్జం వాసన గిట్టదు. చింతపండు నీళ్లతో కడిగి, అల్లం దట్టించి, మొహం పక్కకు తిప్పుకుని వేయించేది. మునగాకు, పొన్నగంటికూర, అవిసాకు ఒకటి విడిచి ఒకటి. పాలు, వెన్న, బొప్పాయి. మందులషాపునుంచి చేపనూనె. అది తాగాక నోరు పుక్కిలించడానికి నిమ్మకాయ నీళ్లు పట్టుకుని నా ఎదురుగా నిలబడేది. నా ఒళ్లు బలిసింది. పైపంచె చుట్టుకుంటే షావుకారులా ఉన్నానని సుభద్ర నవ్వేది.

సాయంత్రమయ్యేసరికి అన్నపూర్ణ నన్ను అరుగుమీదికి తీసుకొచ్చి తన వేళ్లు ఎత్తి పట్టుకునేది.

"ఇవి ఎన్నండీ?"

"మూడు."

"సరిగ్గా చూసి చెప్పండి."

"మూడే."

నిజానికి ఊహించి చెప్పేవాణ్ణి. ఒక్కోసారి సరిపోయేది. అలా సరిపోయిన రోజున ఆమె ముఖం నాకు కనిపించకపోయినా గొంతు తెలిసేది. మర్నాడు మరికాస్త కార్జం ఎక్కువ పెట్టేది.

తాడేపల్లిగూడెంలో పేరున్న ఒక వైద్యుడున్నాడని విని ఆ వేసవిలో వెళ్లాం. ఆయన ఇంటి వసారాలో చాపలమీద జనం. ఒళ్లో పిల్లలతో తల్లులు, కళ్లకు గుడ్డలు కట్టుకున్న ముసలివాళ్లు. ఎండ చూరు కిందికి వచ్చినకొద్దీ అందరం కలిసి గోడవైపు జరుగుతున్నాం. ఒకావిడ తన కుండలో మజ్జిగ నాకు పోసి, "తాగండి బాబూ, ఆయన భోజనానికి లేస్తే మళ్లీ రారు," అంది. అన్నపూర్ణను పక్కకు పిలిచి అడిగింది. "రేచీకటాండీ? బీదాళ్లకు గదండీ అది వచ్చేది? మీరు కలిగినోళ్లలా ఉన్నారే!" అందులో దురుద్దేశం లేదు. అన్నపూర్ణ తల వంచుకుంది.

వైద్యుడు మేక కార్జంలో పిప్పళ్లు గుచ్చి కాల్చి, వాటిని నూరి చేసిన కాటుక ఇచ్చాడు. పెట్టినప్పుడల్లా కళ్లు మండి నీళ్లు కారేవి. ఆయన మోసగాడు కాదు. వాచిన కళ్లతో అమ్మల ఒళ్లలో వచ్చిన పిల్లలు ఆయన దగ్గర బాగుపడి వెళ్లడం నేను మళ్లీ వెళ్లినప్పుడు చూశాను. నాకు మాత్రం, "మీ దేహం మందు పట్టడం లేదండీ. తిండి ఎలా ఉంది?" అన్నాడు.

మళ్లీ తిండి మాటే.

ఆ ఏడు చివర్లో ఇంకోటి మొదలైంది. పక్కల చూపు తగ్గింది. ఎదురుగా ఉన్న అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది, చదవగలను, రాయగలను. పక్కనుంచి వచ్చే మనిషి కనిపించడు. బజారులో పక్కనుంచి నమస్కారం పెట్టినవాళ్లకు నేను తిరిగి పెట్టలేదు. విలేకరిగారికి పొగరెక్కిందన్నారు. జట్కా నడిపే సాయిబు ఒక్కడే కనిపెట్టాడు. అడగకుండానే దారి చెప్పడం మొదలుపెట్టాడు. "వంతెన ఎక్కుతున్నామండీ. ఇల్లొచ్చిందండీ, దిగేచోట రాయుంది, కుడికాలు ముందు పెట్టండీ." ఎవరైనా వింటే గుర్రంతో మాట్లాడుతున్నాడనుకుంటారు.

ఒక మధ్యాహ్నం భోజనం ముగించి లేవబోతుంటే అన్నపూర్ణ ఏడుపు వినిపించింది.

"ఎందుకు ఏడుస్తున్నావు?"

"అంత బాగోలేకపోతే చెప్పొచ్చు కదండీ. విస్తట్లో అలా వదిలేస్తే నేనేమనుకోవాలి?"

ఎడమవైపు ఆకు అంచున వేయించిన కార్జం వడ్డించినది వడ్డించినట్టే ఉంది. అది ఉన్నట్టు నాకు తెలియదు. ఆమె మొహం తిప్పుకుని, ముక్కు బిగించుకుని వండిన కూర అది. ఆకు తిప్పుకుని తిన్నాను. చల్లారిపోయింది. ఈ జబ్బులో నాకు మిగిలిన విచారాలన్నిటిలో ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ ఆకు అంచే.

ఆ తర్వాతే కంటిడాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. అప్పటికే, రాబోయే వైశాఖంలో గోపాలంతో సుభద్ర పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాం. నా చూపు ఉండగానే పిల్ల పెళ్లి చూడాలని అక్కే తొందరపెట్టింది. డాక్టరుగారి గది బయట పొడుగాటి బల్ల ఉంది. శుక్లాలు తీయించుకున్న ముసలాయన ఒకరు రెండు కళ్లకూ దూది కట్టుకుని కూచున్నారు. రేపు విప్పుతారట. ఎవరు పక్కన కూచున్నా వాళ్ల చెయ్యి పట్టుకుని, "రేపు నేను మొదట మా మనవరాలిని చూస్తానండీ," అని చెబుతున్నారు. నాకూ చెప్పారు. ఆయన చెయ్యి వెచ్చగా ఉంది. నాకూ అలాంటి రేపు ఒకటి ఉంటుందనుకుంటూ లోపలికి వెళ్లాను.

లోపల జరిగింది మొదట చెప్పాను. అన్నపూర్ణ ప్రశ్నకు డాక్టరుగారు లేచి నిలబడి జవాబిచ్చారు.

"కాదమ్మా. మీరు పెట్టిన తిండికి ఆయన నూరేళ్లు బతుకుతారు. ఈ జబ్బుకు మీ పొయ్యితో సంబంధం లేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా కళ్లు పోతాయని చెప్పిన గదిలో, తన తప్పు లేదని విని ఏడ్చింది. నాకు అప్పుడు అర్థమైంది, ఏడాదిగా ఆమె ఏం మోస్తోందో.

మందు ఏమిటని అడిగాను. మందు లేదన్నారు. సూదిమందులు వేసేవాళ్లున్నారు, కరెంటు పెట్టేవాళ్లున్నారు, ఏదీ నిలబడిందని చెప్పలేనన్నారు. ఎండలో నల్లద్దాలు పెట్టుకోమన్నారు. మధ్య చూపు చాలా ఏళ్లు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. "మీ ఇంట్లో రాత్రిపూట కనిపించనివాళ్లు ఇంకెవరైనా ఉండేవారా?" అని అడిగారు. ఎవరూ లేరన్నాను. మేనరికం మాట ఒప్పుకున్నాను. అలాంటి ఇళ్లల్లో ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తుందన్నారు.

జట్కాలో తిరిగి వస్తున్నాం. వంతెన దాటాక అన్నపూర్ణ అడిగింది.

"మరి తాతగారి నియమం?"

"ఏమిటి?"

"దీపాలు పెట్టకముందే భోజనం. తర్వాత మంచం దిగకపోవడం. గుడికి వెళ్లినా మునిమాపున మనవల చెయ్యి పట్టుకుని రావడం. మీ అక్కయ్యగారు చెప్పేవారు కదండీ, పిల్లలంటే అంత ప్రేమ అని."

సాయిబు గుర్రాన్ని అదిలిస్తున్నాడు. నేను ఆ ముసలి చేతిని గుర్తుచేసుకున్నాను. పట్టుకున్న పిల్లవాణ్ణి నేనే. ఆ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేదో ఇప్పటికీ నా వేళ్లకు తెలుసు. ఆయన తనకు కనిపించదని ఎవరికీ చెప్పలేదు. చూసినవాళ్లు దానికి నియమం అని పేరు పెట్టారు. ఆయన కాదనలేదు. అంత మర్యాద దొరికితే ఎవరు కాదంటారు?

మర్నాడు అన్నపూర్ణ తన నిర్ణయం చెప్పింది.

"సుభద్రను గోపాలానికి ఇవ్వొద్దండీ."

"నామకరణం నాడు ఇచ్చిన మాట."

"ఇచ్చింది మీవాళ్లు. రేపు దానికి పుట్టే బిడ్డకు సాయంత్రాలు కనిపించకపోతే ఏమంటారు? తల్లి సరిగ్గా పెట్టలేదంటారు. నేను పడ్డాను. నా కూతుర్ని పడనివ్వను."

డాక్టరుగారి దగ్గరికి ఒక్కణ్ణే మళ్లీ వెళ్లి అడిగాను. మేనరికం చేస్తే వచ్చితీరుతుందని ఆయన చెప్పలేదు, చేయకపోతే రాదనీ చెప్పలేదు. భయం ఎక్కువ అన్నారు. "నా పిల్ల అయితే నేను చేయను. అంతవరకే చెప్పగలనండీ," అన్నారు.

ఫాల్గుణంలో గుండుగొలను వెళ్లాను. అక్క చాటలో బియ్యం ఏరుతోంది. అంతా విని, చాట పక్కన పెట్టి, లోపలికి వెళ్లి సూదీ దారమూ తెచ్చింది. నా ముక్కు ఎదురుగా పట్టుకుని, పగటి వెలుతుర్లో ఒక్కసారికే దారం ఎక్కించింది.

"చూశావా? నిన్ను కన్న అమ్మే నన్నూ కంది. అదే నాన్న. నెత్తురులో ఉంటే నాకెందుకు రాలేదురా?"

"ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవచ్చట అక్కా. రానివాళ్లలో కూడా దాగి ఉండొచ్చట."

"దాగి ఉంటుందా! నెత్తురులో దొంగలు దాక్కుంటారా? ఆ డాక్టరు ఏ ఊరివాడు?"

"అక్కా, తాతగారి నియమం..."

ఆ మాట పూర్తి కానివ్వలేదు. ఆమె గొంతు మారిపోయింది.

"తాతగారిని గుడ్డివాణ్ణి చేస్తున్నావా? నీ పెళ్లాం నేర్పిందా? మెట్టనుంచి వచ్చి మా ఇంట్లో దీపం ఆర్పింది చాలక, పోయినవాళ్ల కళ్లు కూడా పీకుతోందా?"

గోపాలం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మావయ్యా, మీరెలా అంటే అలాగే," అన్నాడు. చిన్నప్పటినుంచీ నెమ్మదైన పిల్లవాడు. రైలుదాకా దిగబెట్టాడు.

ఇంటికొచ్చాక సుభద్ర అడిగింది. "బావకు రేచీకటి లేదు కదా నాన్నా?"

"లేదమ్మా."

"నాకూ లేదు కదా?"

"లేదమ్మా."

ఆమె ఇంకేదో అడుగుతుందని చూశాను. పక్కకు జరిగింది. నాకు కనిపించని వైపుకు వెళ్లిపోయింది.

1938లో సుభద్రను తాడేపల్లిగూడెంలో, మాకు ఏ చుట్టరికమూ లేని ఇంట్లో ఇచ్చాం. మంచివాళ్లు. అల్లుడు రైసుమిల్లులో గుమాస్తా. నా జబ్బు సంగతి, డాక్టరుగారు చెప్పిన మాట, పెళ్లికి ముందే అల్లుడి తండ్రితో చెప్పాను. "మాకు మేనరికాలు లేవండీ," అన్నాడు. పెళ్లికి అక్క రాలేదు. గోపాలం వచ్చి, పందిట్లో చివర కూచుని, భోజనం చేయకుండా వెళ్లాడని తర్వాత తెలిసింది. నాకు ఎదురుగా వస్తే కదా కనిపించేది. అతనికీ ఆ తర్వాత బయటి సంబంధమే చేశారు. అక్క మా ఇంటి గడప తొక్కలేదు. నేను వెళ్లినా లోపలినుంచి పలకలేదు.

ఇప్పుడు ఇది రాసేటప్పటికి 1939 వచ్చింది. భయం చాలావరకు పోయింది. చూపు కొంచెం కొంచెం పోతోంది. తాళంచెవి కన్నంలోంచి లోకాన్ని చూస్తున్నట్టుంటుంది. ఆ కన్నంలో ఒక మాట పడుతుంది, తర్వాత మాటకోసం తల కదపాలి. సాయంత్రపు సభలు మానుకుని పగటి వార్తలే రాస్తున్నాను. అన్నపూర్ణ ఇప్పుడు తనకు ఇష్టమైన వంట చేస్తుంది. వారానికోసారి జొన్నగటక కూడా. వడ్డించేటప్పుడు, "ఎడమపక్క వంకాయ, పైన పచ్చడి, నెయ్యి మధ్యలో," అని చెబుతూ వడ్డిస్తుంది. సాయిబు దగ్గర నేర్చుకుంది.

సాయంత్రాలు చూపు మందగించినవాళ్లు ఇది చదివితే వాళ్లకు రెండు మాటలు. ముందు తిండి సరిచూసుకోండి. కార్జం, ఆకుకూరలు, పాలు, చేపనూనె, మీకు ఏవి పనికొస్తే అవి తినండి. చాలామందికి ఆ తిండితోనే పోతుంది, వెంకన్న భార్యకు పోయినట్టే. పసిపిల్లల విషయంలో అసలు ఆలస్యం చేయవద్దు. ఎంత తిన్నా పోకపోతే మాత్రం వంట చేసినవాళ్లను అనకండి. కంటి వెనక చూడగలిగిన డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో పెద్దలకు ఏ నియమాలుండేవో గుర్తుచేసుకోండి.

పోయిన వారం గోపాలం ఏదో కోర్టుపనిమీద ఏలూరు వచ్చి మా ఇంటికి వచ్చాడు. అన్నపూర్ణ అన్నం పెట్టింది, తిన్నాడు. అక్క ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉంది మావయ్యా. ఈమధ్య పొద్దు కుంకకముందే భోంచేస్తోంది. దీపాలు పెట్టాక మంచం దిగదు. ఊళ్లో అందరూ అనుకుంటున్నారు, ముత్తాతగారి నియమం అమ్మకు పట్టిందని."

అన్నపూర్ణ చేతిలో మజ్జిగ చెంబు ఉంది. కింద పెట్టిన చప్పుడు విన్నాను. మీ అమ్మను డాక్టరుగారి దగ్గరికి తీసుకురమ్మని గోపాలానికి ఆమే చెప్పింది, నేనూ చెప్పాను. అతను వెళ్లి చెప్పాడు. మా ఇంటి జబ్బు తనకు అంటగట్టవద్దని అక్క కబురు పంపింది.

ఆమె కళ్లు ఇంతవరకూ ఎవరూ చూడలేదు.